మలి వయసులో వైకల్యం, లైంగిక ఆరోగ్యం: పక్షవాతం ఒక ఉదాహరణ

లైంగిక ఆరోగ్యం అంటే కేవలం వ్యాధి లేకపోవడం కాదని, అది శారీరక, మానసిక, భావోద్వేగ, సామాజిక శ్రేయస్సు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచిస్తుంది. ఈ నిర్వచనంలో వయోపరిమితి లేదు. అయినా అరవై దాటినవారికి, అందులోనూ వైకల్యం గలవారికి ఈ అవసరమే ఉండదన్న భావన మన సమాజంలో బలంగా ఉంది. దానివల్ల కలిగే నష్టం ఎలాంటిదో పక్షవాతం ఉదాహరణగా పరిశీలిద్దాం.

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి తిరిగివచ్చిన వ్యక్తికి చాలా ఇళ్లలో ముందు గదిలో మంచం వేస్తారు. అందరి కన్నూ ఉంటుందని అలా చేస్తారు. భార్య పడక లోపలి గదిలోకి మారుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కాని దంపతుల ఏకాంతం ఆ రోజుతో ముగుస్తుంది. స్నానం చేయించి, అన్నం తినిపించే భార్య క్రమంగా సంరక్షకురాలిగానే మిగిలిపోతుంది. జబ్బుపడింది భార్య అయితే ఆమె మనసులో ఏముందో అడిగేవారే అరుదు.

ఆసక్తి తగ్గడానికి చచ్చుబడిన చేయి, కాలు మాత్రమే కారణం కాదు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మంది కుంగుబాటుకు లోనవుతారు. కలయిక వల్ల మళ్లీ పక్షవాతం వస్తుందేమోనన్న భయం మరొకటి. ఆరోగ్యం నిలకడగా ఉందని వైద్యులు నిర్ధారించిన తరువాత చాలామందిలో ఈ ప్రమాదం స్వల్పమే. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే భయం లేదని గుండె రోగులకు చెబుతుంటారు. కాలు పడిపోయిన మనిషికి ఈ కొలత ఎలా పనికివస్తుంది? ఇటువంటి సలహాలు చాలావరకు వైకల్యం లేనివారిని దృష్టిలో ఉంచుకొని చెప్పినవే.

రక్తపోటుకు, కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కోరికను, అంగస్తంభనను తగ్గిస్తాయి. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోతే, వైద్యుణ్ణి అడగడానికి సిగ్గుపడిన వ్యక్తి ఇంట్లో తెలియకుండా రక్తపోటు మాత్రలు మానేసే అవకాశం ఉంది. అది మళ్లీ పక్షవాతానికి దారితీయవచ్చు. అడిగితే వైద్యుడు మందు మార్చగలడు. మందుల షాపులో సొంతంగా సిల్డెనాఫిల్ కొనడం కూడా ప్రమాదమే: ఛాతీ నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడుతున్నవారిలో అది రక్తపోటును ప్రాణాపాయ స్థాయికి పడగొట్టగలదు.

ఫిజియోథెరపిస్టును అడిగితే బలహీనమైన వైపు దిండ్లు పెట్టుకొని పక్కకు ఒరిగి పడుకునే పద్ధతి చూపిస్తారు. ముట్లుడిగిన స్త్రీలలో యోని పొడిబారడం వల్ల వచ్చే నొప్పికి చికిత్స ఉంది. కలయిక వీలుకానప్పుడు, లేదా వద్దనుకున్నప్పుడు, పక్కన పడుకోవడం, చేయి పట్టుకోవడం కూడా సాన్నిహిత్యమే. మాట పడిపోయినవారి మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదు. చేయి నొక్కడం, తల ఊపడం వంటి గుర్తులతో అవును, కాదు అనేవి ముందే ఏర్పరచుకోవాలి.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 25వ సెక్షన్ లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవలను, ముఖ్యంగా వికలాంగ మహిళలకు అందవలసిన సేవలను ప్రస్తావిస్తుంది. అందులోనూ వయోపరిమితి లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీకు తెలిసిన ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవారి మంచం ఏ గదిలో ఉంది? అక్కడ ఉంచాలని ఎవరు నిర్ణయించారు? అయిదు వాక్యాలలో రాయండి.