పూర్వాభాద్ర చెంత నొక గ్రహము

కార్తికమాసమున రాత్రి తొలిజామున నడినెత్తిన నాలుగు నక్షత్రములు పెద్ద చతురస్రమువలె అమరియుండును. వానిలో పడమటి రెండింటిని మన పెద్దలు పూర్వాభాద్ర యనియు, తూర్పు రెండింటిని ఉత్తరాభాద్ర యనియు పిలిచిరి. పూర్వాభాద్ర తారల నడుమ, రవ్వంత పడమరగా, మసకయైన చుక్క యొకటి కలదు. దీపముల వెలుగు సోకని పల్లెలో, వెన్నెల లేని రాత్రి, మంచి చూపు గలవారికే యది కనబడును. దాని పేరు 51 పెగాసి. సూర్యుని బోలిన వేరొక నక్షత్రము చుట్టును గ్రహము తిరుగుచున్నదని మానవుడు తొలుత నెరిగినది దీనివలననే.

ఆ నక్షత్రము మనకు సుమారు 50 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అంత దూరమున గ్రహమెట్లు కనబడును? కనబడలేదు, నక్షత్రపు కాంతిలో మునిగిపోయినది. తండ్రి బిడ్డ చేతులు పట్టుకొని గిరగిర త్రిప్పునపుడు తండ్రి శరీరము కూడ కొంచెము ఊగును గదా! అటులనే గ్రహము తిరుగుచుండగా నక్షత్రమును ఊగును. అది మనవైపు వచ్చునపుడు దాని వర్ణపటమునందలి నల్లని గీతలు నీలివైపునకును, దూరముగా పోవునపుడు ఎరుపువైపునకును జరుగును. ఆ జరుగుబాటు అత్యల్పము. మన బృహస్పతి సూర్యుని ఊపునది సెకండుకు 12 మీటర్ల వేగముతో మాత్రమే. అదియు 12 సంవత్సరముల కొక ఊపు.

స్విట్జర్లండు దేశీయుడైన మిషెల్ మేయర్, ఆయన శిష్యుడు డిడియే కెలో, దక్షిణ ఫ్రాన్సులోని ఓత్ ప్రొవాన్స్ వేధశాలయందు 1994లో ఈ పరిశోధన నారంభించిరి. గురువు హవాయి ద్వీపములలో నుండగా, 51 పెగాసి వేగము సెకండుకు 50 మీటర్లకు పైగా మారుచున్నట్లు శిష్యుడు కనుగొనెను. ఆ మార్పు 4 రోజులకు పైచిలుకు కాలములో మరల మరల వచ్చుచుండెను. లెక్కింపగా గ్రహము బరువు బృహస్పతిలో ఇంచుమించు సగమని తేలెను. బుధుడే సూర్యుని చుట్టివచ్చుటకు 88 రోజులు పట్టుచుండగా, ఇంత పెద్ద గ్రహము 4 రోజులలో తిరుగుటయా? తన యంత్రమే చెడిపోయినదని కెలో భయపడెను.

ఆ భయము నిష్కారణము కాదు. 1991లో ఇంగ్లండునందలి శాస్త్రజ్ఞులు పల్సర్ అనెడి మృతనక్షత్రము చుట్టు గ్రహమున్నదని ప్రకటించిరి. పిదప భూమి నడకను లెక్కించుటలో తాము చేసిన పొరపాటు బయటపడెను. వారిలో ముఖ్యుడైన ఆండ్రూ లైన్ 1992 జనవరిలో అమెరికాయందు నిండుసభలో నిలిచి తన తప్పు తానే చెప్పుకొనెను. సభ చప్పట్లతో మారుమ్రోగెను. గొప్ప కనుగొనుటకన్న ఇట్టి యొప్పుకోలు కష్టతరమని నాకు తోచును.

గురుశిష్యులు తొందరపడలేదు. వసంతమున నక్షత్రము సూర్యుని చాటునకు పోయెను. అది మరల కనబడునాటికి దాని వేగమెంత యుండవలెనో ముందే లెక్కకట్టి, 1995 జూలైలో చూచిరి. లెక్క సరిపోయెను. అక్టోబరులో ఇటలీయందలి ఫ్లారెన్సు నగరమున ప్రకటించిరి. కొలదిదినములలోనే అమెరికా శాస్త్రజ్ఞులును దానిని ధ్రువపరచిరి. 2019లో వారిరువురకు భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము లభించెను.

ఊపువలన బరువు తెలియును గాని పరిమాణము తెలియదు. 1999లో మరియొక నక్షత్రమునకు అడ్డముగా దాని గ్రహము పోవుట చూచిరి. అది గ్రహణము వంటిదే. నక్షత్రకాంతి నూటికి ఒకటిన్నర పాలు తగ్గెను. ఆ గ్రహము బృహస్పతికన్న పెద్దది, కాని తేలిక. దాని సాంద్రత నీటికన్న తక్కువ. దాని వాతావరణమున సోడియము కలదని 2001లో హబుల్ దూరదర్శిని తెలిపెను. ఇట్టి మహాగ్రహములు దూరమున పుట్టి, క్రమముగా తమ నక్షత్రముల చెంతకు జరిగివచ్చినవని పెక్కుమంది శాస్త్రజ్ఞుల యభిప్రాయము.