అడిగిన ప్రశ్నే మళ్ళీ వచ్చినప్పుడు

తెలుగు రాష్ట్రాల వెలుపల పనిచేసే తెలుగు సంఘాల కార్యదర్శులతో మాట్లాడినప్పుడల్లా మాకు ఒక ఫిర్యాదు వినిపిస్తూ ఉంటుంది. "వచ్చినవాళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతారండీ, చెప్పి చెప్పి నోరు పడిపోతోంది" అంటారు. బెంగుళూరుకు బదిలీ అయి వచ్చిన ఉద్యోగీ, పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కూలీ ఒకే సంగతి అడుగుతారు. "అన్నా, మా పిల్లగానికి తెలుగు ఎక్కడ నేర్పుతరు?" అని ఒకరు, "ఈ ఊళ్ళో తెలుగు చెప్పే బడి ఉందాండీ?" అని మరొకరు. మాటతీరు వేరు, ప్రశ్న ఒకటే.

ఈ విసుగు సహజమైనదే. అయితే చెప్పేవారికి నూరోసారి అయిన ప్రశ్న, అడిగేవారికి మొదటిసారి. ఈ తేడాను పట్టించుకోకపోతే సంఘానికి కలిగే నష్టం చిన్నది కాదు. మొదటి రోజున కసురుకున్న చోటికి ఏ కుటుంబమూ రెండోసారి రాదు. వారు రాకపోతే వారి పిల్లలూ రారు. కొంతకాలానికి ఉగాది సభలో పెద్దవాళ్ళు మాత్రమే మిగులుతారు. కాబట్టి పదే పదే వచ్చే ప్రశ్నలను ఎలా ఎదుర్కోవాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, భాష నిలవడానికి సంబంధించినది కూడా.

ఈ ప్రశ్నలను మేము మూడు రకాలుగా విభజించి చూస్తున్నాం. మొదటి రకం, జవాబు మారనివి. రెండో రకం, కాలాన్నిబట్టి, చోటునుబట్టి జవాబు మారేవి. మూడో రకం, పైకి ప్రశ్నలుగా కనిపించినా సమాచారం కోసం కాక సంబంధం కోసం అడిగేవి. మూడింటికీ ఒకే తీరున జవాబు చెప్పబోవడమే చాలావరకు విసుగుకు కారణం.

"ఇక్కడి తెలుగువాళ్ళు ఎప్పుడు వచ్చారు?" అన్నది మొదటి రకం ప్రశ్న. దీనికి అన్నిచోట్లకూ ఒకే జవాబు లేదు గాని, ఒక్కో చోటికి ఒక్కో స్థిరమైన జవాబు ఉంది. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. తిరుత్తణి 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉంది. ఈ చోట్ల ఎన్నో కుటుంబాలు ఎక్కడినుంచీ వచ్చినవి కావు. వారు ఇల్లు కదలకుండానే పాలన మారింది. మధుర ప్రాంతపు తెలుగు కుటుంబాలలో చాలామంది పూర్వులు విజయనగర, నాయకరాజుల కాలంలో వెళ్ళినవారు. షోలాపూరు పద్మశాలీల పూర్వులు మగ్గాన్ని, మిల్లుపనిని నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్ళినవారు.

ఇటువంటి జవాబును నోటితో నూరుసార్లు చెప్పడంకన్నా ఒక పుటలో రాసి సంఘం గోడమీద పెట్టడం మేలు. శ్రమ తగ్గడం ఒక్కటే దీనివల్ల ప్రయోజనం కాదు. నోటిమాట ప్రతిసారీ కొంత కురచవుతుంది, కొంత అతిశయమూ చేరుతుంది. "ఎప్పుడో రాయలకాలంలో వచ్చామట" అన్న ఒక్క వాక్యం కిందనే బళ్ళారి, బరంపురం, షోలాపూరు అన్నీ చేరిపోతాయి. రాసిపెట్టిన జవాబును తప్పు ఉంటే దిద్దవచ్చు.

రెండో రకానికి మంచి ఉదాహరణ పిల్లల చదువు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరగడానికి తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. ఇంతవరకు గోడమీద రాయవచ్చు. కాని తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఆ వరస 2015-16లో పదో తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషల పాఠశాలల వారు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారి మినహాయింపును మరో ఏడాది పొడిగించింది. కర్ణాటకలో పాఠశాలల్లో కన్నడ బోధనకు సంబంధించి 2015 నాటి చట్టం ఉంది.

ఇటువంటి విషయంలో పాత జవాబును అలవాటుగా చెప్పడం ప్రమాదకరం. 2010లో తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రికి చెప్పిన మాటనే 2015లో మరో తండ్రికి చెబితే, ఆ పిల్లవాడు సిద్ధపడని పరీక్షకు కూర్చోవలసి వస్తుంది. ప్రశ్న పాతదే, జవాబు కాదు. కాబట్టి జవాబు చెప్పేముందు ఎదురు ప్రశ్నలు రెండు అడగాలి: పిల్లవాడు ఏ తరగతి? ఏ బోర్డు కింద చదువుతున్నాడు? రాసి ఇచ్చే ప్రతి కాగితం మీదా తేదీ ఉండాలి. ఏటా బడులు తెరిచేముందు దాన్ని తిరిగి చూడాలి.

మూడో రకం ప్రశ్నలను గుర్తించడానికి కొంత భాషాజ్ఞానం కావాలి. "మీదే ఊరు?" అని తెలుగువాడు అడిగితే, కాపురం ఉంటున్న చోటు అడిగినట్టు కాదు, మూలం అడిగినట్టు. షోలాపూరులో మూడు తరాలుగా ఉన్న వ్యక్తి ఈ ప్రశ్నకు షోలాపూరు అని చెబితే "అది కాదండీ, అసలు ఊరు?" అన్న రెండో ప్రశ్న వస్తుంది. అడిగేవారికి కావలసింది ఊరి పేరు కాదు, తమకూ ఎదుటివారికీ మధ్య ఏదైనా చుట్టరికం ఉందేమోనన్న ఆశ. ఇక్కడ అచ్చుకాగితం చేతిలో పెడితే మనసు నొచ్చుకుంటుంది. కూర్చోబెట్టి మాట్లాడటమే జవాబు.

మన భాషలో 'మేము', 'మనము' అన్న భేదం ఉంది. తమిళంలోనూ ఇటువంటి భేదం ఉంది. నేటి కన్నడంలో రెండింటికీ 'నావు' ఒక్కటే. కొత్తవారితో "మా సంఘం నియమాలు ఇవి" అంటే వారు బయట నిలబడ్డట్టే. "మన సంఘంలో ఇలా చేస్తున్నాం" అంటే లోపలికి వచ్చినట్టే. మాటలో తేడా ఒక్క అక్షరమే గాని, విన్నవారు దాన్ని మరచిపోరు.

తప్పు ఒకవైపే లేదు. తరతరాలుగా అక్కడ ఉన్నవారిని తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళినవారు కూడా ఇలాగే విసిగిస్తుంటారు. "మీ తెలుగు చిత్రంగా ఉందే" అన్నది అందులో ముఖ్యమైనది. చుట్టూ ఉన్న భాష నుంచి మాటలు చేరడం, మనం వదిలేసిన పాత మాటలు అక్కడ నిలవడం భాషాశాస్త్రానికి మామూలు విషయాలు. కాని ఆ మాట విన్న పదేళ్ళ పిల్ల రెండోసారి మన ఎదుట తెలుగులో నోరు విప్పదు. ప్రశ్నావళులు పట్టుకుని వెళ్ళే మావంటివారి పాత్ర కూడా ఇందులో తక్కువేమీ కాదు. ఒకే ముసలమ్మను ఒకరి తరువాత ఒకరం అవే ప్రశ్నలు అడుగుతాం. మొదటివారికి ఆమె గంటసేపు చెప్పిన కథ నాలుగోవారికి నాలుగు మాటలవుతుంది. ముందు వెళ్ళినవారు సేకరించినది చదివి వెళ్ళడం, మనం రాసుకున్నదాని ప్రతిని ఆ ఇంటికీ సంఘానికీ ఇవ్వడం మన కనీస బాధ్యత.

చివరగా సంఘాలకు రెండు సూచనలు. వచ్చిన ప్రతి ప్రశ్ననూ తేదీతో ఒక పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగేసరికి ఏది ఏ రకానిదో దానంతట అదే తెలుస్తుంది. కొత్తవారికి జవాబు చెప్పే పని, కిందటేడు కొత్తగా వచ్చినవారికి అప్పగించండి. ఆ ప్రశ్న అడిగిన రోజు వారికింకా గుర్తుంటుంది కాబట్టి విసుగు రాదు. పైగా, పని అప్పగించిన క్షణం నుంచి వారు కూడా ఆ సంఘాన్ని 'మన' అనడం మొదలుపెడతారు.