పావుమైలు పందెము

అమెరికా దేశమున మోటారు పందెములు పలు తెఱగులవి. వానిలో ‘డ్రాగ్ రేసు’ మిక్కిలి పొట్టిది. రెండు కార్లు ప్రక్కప్రక్కన కదలక నిలిచియుండును. సంకేతము కాగానే తిన్నని బాటపై పావుమైలు, అనగా 1320 అడుగులు, పరుగెత్తవలెను. మలుపులు లేవు. ఇట్టి పందెమునకు గొప్ప యంత్రవిద్య యేల యని తోచవచ్చును. కాని నిలిచినచోటినుండి ఒక్కసారిగా వేగమందుకొనుటయే కష్టము.

ఇంజనునకు బలమెంత యున్నను, నేలపై పట్టు లేనిచో వెనుకచక్రములు ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగును. బరువు మోపినగాని పట్టు దొరకదు. అందుచే 1950 తరువాతి దశాబ్దమున నిర్మాతలు కారు రూపమునే మార్చివేసిరి. పొడవైన యినుపగొట్టముల చట్రము. ముందు సన్నని చక్రములు. వెనుక గాడులు లేని వెడల్పైన టైర్లు. ఇంజనును వెనుకకు జరిపి, చోదకుని వెనుక ఇరుసునకు ఆవల కూర్చుండబెట్టిరి. పంగలకఱ్ఱకు తగిలించిన రాయివలె అతడుండుటచే ఆ కారునకు ‘స్లింగ్‌షాట్’ అని పేరు వచ్చెను.

ఇంధనమును వింతయైనదే. పెట్రోలు మండుటకు గాలి విస్తారముగా కావలెను. నైట్రోమీథేను అను ద్రవము తనలోనే కొంత ఆమ్లజనిని దాచుకొనియుండును. కావున అంతే గాలితో ఎక్కువ ఇంధనము మండి, ఎక్కువ శక్తి పుట్టును. అదియు చాలక, డీజిలు బస్సుల, లారీల ఇంజనులకై చేసిన గాలియూదు యంత్రములను తెచ్చి బిగించిరి. ఇంత వేగమును అణచుటకు బ్రేకులు చాలవు. కారు వెనుక పారాచూటు విచ్చుకొనవలెను.

ఫ్లారిడా వాసియగు డాన్ గార్లిట్స్ ఇట్టి బండిపై 1964లో గంటకు 201 మైళ్ల వేగమందెను. తన కార్లకు ‘స్వాంప్ రాట్’, అనగా చిత్తడినేల ఎలుక, అని పేరిడెను. పేరు సొంపుగా లేకున్నను, చిత్తడినేలలు మెండుగాగల ఆ రాష్ట్రమునకు తగినదే. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ పందెపుబాటపై, పందెము మొదలగుచుండగనే, అతని పాదములచెంత నున్న గేరుపెట్టె ప్రేలెను. కారు రెండుగా తెగెను. కుడిపాదమున కొంతభాగము పోయెను.

ప్రేలు యంత్రమును ముందుంచుకొని కూర్చుండుటయే చేటని అతడు గ్రహించెను. ఇంజను వెనుకనుండు కార్లను అంతకుముందే కొందరు చేసియుండిరి. అవి తిన్నగా పోక ప్రక్కలకు త్రుళ్లెడివి. గార్లిట్స్ చేసిన క్రొత్తకారును అట్లే మొరాయించెను. తుదకు లోపము ఇంజను స్థానమున గాక, స్టీరింగునందు కనబడెను. దానిని కొంచెము త్రిప్పినంతనే ముందుచక్రములు మితిమీఱి తిరుగుచుండెను. ఆ తిరుగుడును మందగింపజేయగా కారు సూటిగా సాగెను. 1971లో పొమోనా పందెమున ఆ కారే గెలిచెను.

కొన్ని యేండ్లలోనే స్లింగ్‌షాట్లు పెద్దపందెములనుండి తొలగెను. నేటికిని ఆ జాతి కార్లలో చోదకుడు ముందు, ఇంజను వెనుక. వేగము మాత్రము పెరుగుచునే పోయెను. 2008లో ఒక చోదకుడు మరణించిన పిమ్మట, అగ్రశ్రేణి కార్లకు పందెపు దూరమును 1000 అడుగులకు తగ్గించిరి.