రోజుకొక చిన్న బొమ్మ

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, రిటైరైనవారు, పిల్లలు దూరదేశాల్లో ఉండి ఇంట్లో ఒంటరిగా గడిపే పెద్దలు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మందులు వేసుకుంటున్నాం, వాకింగ్ చేస్తున్నాం, మిగిలిన పొద్దంతా ఏం చేయమంటారు?" ఈసారి ఒక జవాబు చెబుతాము. పోస్టుకార్డంత అట్ట మీద నూనె రంగులతో రోజూ ఒక చిన్న బొమ్మ వేయండి.

"మాకు బొమ్మలు రావండీ" అని వెంటనే అనకండి. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలుకు దేవుడిచ్చిన వరం చేతిపని నైపుణ్యమే. మనకు అంత పనితనం అక్కరలేదు, రోజుకు అరగంట కూర్చునే ఓపిక చాలు.

చిన్న బొమ్మే ఎందుకంటే, పెద్ద కాన్వాసు నెలల తరబడి గోడకు ఆని ఉండి నీరసంగా ఉన్న మనిషిని బెదిరిస్తుంది. 5 అంగుళాలు, 7 అంగుళాల ముక్కయితే ఒక పూటలో అయిపోతుంది. బాగా రాలేదా, రేపు ఇంకొకటి. నూనె రంగులే ఎందుకంటే, నీటి రంగు చూస్తుండగానే ఆరిపోతుంది, వణికే చేతికి తీరిక ఇవ్వదు. నూనె రంగులో కలిసే అవిసె నూనె ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా తప్పు పోయిన చోట గుడ్డతో తుడిచి మళ్లీ వేయవచ్చు. అయితే ఇది ఫిజియోథెరపీకి బదులు కాదు. ఆ వ్యాయామాలు మానవద్దు.

తెలుపు, పసుపు, ఎరుపు, నీలం ట్యూబులు, రెండు కుంచెలు, ప్రైమర్ పూసిన అట్టలు ఉంటే మొదలుపెట్టవచ్చు. మొదట జామకాయ, స్టీలు గ్లాసు వంటివి వేయండి. చేయి కాస్త అలవాటయ్యాక, తార్నాకలో ఉన్నవారికి ఉస్మానియా క్యాంపస్ ఉండనే ఉంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గులాబి రంగు గ్రానైటు తెల్లవారుజామున ఒక రంగు, ఎండ ఎక్కాక మరో రంగు. భవనమంతా వేయబోకండి, చేతులెత్తేస్తారు! ఒక కమాను, దాని నీడ చాలు.

ఇందులో కంటికి సంబంధించిన సంగతి కూడా ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు శుక్లాలు ముదిరినప్పుడు రంగులు తేడాగా కనిపించాయి. 1923లో ఆయన కంటికి ఆపరేషన్ జరిగింది. శుక్లం చాలా నెమ్మదిగా వస్తుంది కనుక మనిషి దానికి అలవాటు పడిపోతాడు. పక్కపక్కన పెట్టిన బొమ్మల్లో రంగులు నెలనెలా పసుపు, గోధుమ వైపు జరుగుతున్నాయని ఇంట్లోవారు గమనిస్తే, ఆయన్ను కంటి డాక్టరుకు చూపించండి.

ఇక అసలు జాగ్రత్తలు. చిత్రకారులకు రంగుల వల్ల వచ్చే జబ్బుల గురించి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. అప్పటి తెలుపు సీసంతో చేసినది. నేడు టైటానియం తెలుపు దొరుకుతుంది, అదే కొనండి. పాత ట్యూబులు ఎవరైనా ఇచ్చినా వాడవద్దు. కుంచెను నోట్లో పెట్టుకోవద్దు, చేతులు కడగకుండా అన్నం తినవద్దు.

టర్పెంటైన్ ఆవిరి ఆస్తమా ఉన్నవారికి పడదు, కిటికీలు మూసిన ఫ్లాటులో మిగతావారికీ తలనొప్పి తెస్తుంది. నిజానికి అది లేకపోయినా పని జరుగుతుంది. కుంచెను గుడ్డతో తుడిచి, కొంచెం వంటనూనెలో ఆడించి, సబ్బుతో కడిగితే శుభ్రపడుతుంది. రంగులో మాత్రం వంటనూనె కలపవద్దు, సరిగా ఆరదు.

రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి ఉండలో బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. నీటిలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

ఇంట్లో టర్పెంటైన్ ఉంటే నీళ్ల సీసాలో పోసి ఉంచవద్దు. పసిపిల్లలెవరైనా తాగితే వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. సీసాతో సహా వెంటనే దగ్గరి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.