తొలి పలకరింపులలోని తడబాటు

ఇద్దరు మనుష్యులు మాటలాడుకొనునపుడు, ఒకరి మాట ముగియుటకును రెండవవారి మాట మొదలగుటకును నడుమ ఎంత వ్యవధి యుండునో కొలిచిచూడవలెనను తలంపుతో, నెదర్లాండ్సులోని నైమేగన్ నగరమందలి మాక్స్ ప్లాంక్ భాషామనోవిజ్ఞాన సంస్థలో టాన్యా స్టైవర్సు, ఆమె సహచరులు పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ఫలితములు ప్రకటించిరి. జపాను, కొరియా, ఇటలీ, డెన్మార్కు భాషలు మొదలుకొని పాపువా న్యూగినీకి చెందిన యొక చిన్న దీవిలోని భాషవఱకు అన్నిటిని కలిపి చూడగా, ఆ వ్యవధి సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమే. ఒక్క మాటను మనస్సున వెదకి నోటికి తెచ్చుకొనుటకే అర సెకనుకు పైగా పట్టునని వేఱొక పరిశోధన చెప్పుచున్నది. అనగా, ఎదుటివారు ఇంకను మాటలాడుచుండగానే మనము వారి వాక్యమెట్లు ముగియునో ఊహించి, జవాబు సిద్ధపఱచుకొని, స్వరము దిగిన క్షణము కనిపెట్టి అందుకొనుచున్నామన్నమాట. ఇంత జటిలమైన కార్యమును ఎవరును నేర్పకయే చేయుచున్నాము గనుకనే, అది కార్యమని కూడ మనకు తోచదు.

ఆ కార్యము తోచువారును కలరు. ఆటిజముతో పుట్టి పెరిగిన పురుషునికి ఒక స్త్రీ నచ్చి, ఆమెతో మాట కలుపబోయినపుడు, ఇతరులకు శ్వాసవలె నడచిపోవు ఈ పనులన్నియు ఒక్కొక్కటిగా అతని యెదుట నిలుచును. ఎచట చూడవలెను? ఇప్పుడు నవ్వవలెనా? ఆమె ఆగినది జవాబు కొఱకా, ఊపిరి తీసికొనుటకా? 1943లో బాల్టిమోరులో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను వర్ణించి ఆటిజమునకు వైద్యశాస్త్రమున స్థానము కల్పించినది మొదలు చాలకాలము శాస్త్రజ్ఞుల దృష్టి పిల్లలమీదనే నిలిచెను. ఆ పిల్లలు పెరిగి పెద్దవారగుదురనియు, వారికిని ఒకరిపై మనసు కలుగుననియు చాల ఆలస్యముగా గుర్తింపబడినది. ఈ ఆలస్యము నాకు మిక్కిలి బాధాకరముగా తోచును.

చూపుల సంగతియే తీసికొందము. ఇష్టపడిన మనిషి కన్నులలోనికి చూడవలెనని లోకాచారము. నూషిన్ హజ్జిఖానీ బృందము 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఆటిజము గలవారిని ముఖచిత్రములలోని కన్నులవైపే చూచునట్లు చేయగా, భయము మొదలగు ఉద్వేగములతో సంబంధముగల మెదడు లోపలి భాగములు ఇతరులలో కంటె ఎక్కువగా ఉద్రేకించినవి. కనుక అతడు గోడవైపు చూచుచు మాటలాడినయెడల దానిని ఉపేక్షయని భావించుట తొందరపాటు. మాటపై మనస్సు నిలుపుటకే చూపును తొలగించియుండవచ్చును. అంతేకాక, ఆటిజము గలవారిలో సుమారు సగముమందికి తమలోని ఉద్వేగమిది యని గుర్తించి చెప్పుట కష్టము. గుండె దడదడలాడుట తెలియును. అది ప్రేమవలననో, బెదురువలననో తెలియదు.

ఇక మాటల సంగతి. మన కార్యాలయములలో నిత్యము జరుగదగిన యొక సంభాషణను ఊహింతము. కాంటీనులో టీ కప్పుతో నిలుచున్న యువతి తోడి యుద్యోగితో, "ఈ ఆదివారం మా రూమ్మేట్లందరూ ఊళ్లకు వెళ్తున్నారండీ. ఒక్కదాన్నే ఉండాలి, ఏమీ తోచదు," అన్నది. ఆమెయనిన అతనికెంతో ఇష్టము. అతడు కొంచెమాలోచించి, "మీరు కూడా ఊరెళ్లొచ్చు కదండీ. వరంగల్‌కి పొద్దున్నే బళ్లుంటాయి," అనెను. పిమ్మట సికింద్రాబాదు, బల్లార్షా, విజయవాడ మార్గములు కాజీపేటలో ఎట్లు కలియునో, ఏ బండి ఏ ప్లాట్‌ఫారమునకు వచ్చునో పది నిమిషములు వివరించెను. ఆమె, "అలాగా, మంచిదండీ," అని కప్పు కడిగి వెడలిపోయెను. తన మాట అతడు త్రోసిపుచ్చెనని ఆమె యనుకొన్నది. తనకు తెలిసినదానిలోకెల్ల శ్రేష్ఠమైనదానిని ఆమెకు ఇచ్చితినని అతడనుకొన్నాడు.

ఆ పది నిమిషముల రైలుబండ్ల వివరణ పరధ్యానము కాదు. డైనా మర్రే మొదలగువారు 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, ఆటిజము గలవారి అవధానము అనేక విషయములపై పలుచగా పఱచుకొనక, ఏదో యొకదానియందు గాఢముగా కేంద్రీకృతమగును. ఆ గాఢమైన చోటికి ఒకరిని తోడ్కొనిపోవుట అట్టివారిలో చాలమందికి ఆత్మీయతను తెలుపు మార్గమే. ఆ యువతికి ఈ సంగతి తెలియుటకు మార్గమేది?

ఆమె మాత్రము సూటిగా నేల చెప్పలేదు? స్టీవెన్ పింకర్ మఱి యిద్దఱితో కలసి 2008లో ప్రకటించిన వ్యాసమున దీనికి చక్కని సమాధానము కలదు. సూచనప్రాయముగా నన్న మాటకు తిరుగుదారి యుండును; ఎదుటివారికి ఇష్టము లేనిచో, నేనట్లనలేదని వెనుకకు తగ్గవచ్చును; ఇరువురి మర్యాదయు నిలుచును. స్త్రీలకు ఈ తిరుగుదారి ఆత్మరక్షణము కూడ. కాని ఆ రక్షణకు మూల్యము అస్పష్టతయే. ఆ మూల్యమును ఆటిజము లేనివారును చెల్లించుచున్నారు: కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ హాల్ 2015లో ప్రకటించిన పరిశోధనలో, అపరిచితులైన యువతీయువకులను జంటలుగా మాటలాడనిచ్చి పిదప ప్రశ్నింపగా, ఎదుటివారు సరసమాడినపుడు దానిని సరిగా గుర్తించినది పురుషులలో నూటికి 36 మంది, స్త్రీలలో 18 మంది మాత్రమే. అందఱును తడబడు పరీక్షలో ఒక్కనినే మందబుద్ధి యనుట న్యాయము కాదు.

మన తెలుగువారు వేలాదిగా స్థిరపడిన డాలస్ ప్రాంతమున, టెక్సాస్ విశ్వవిద్యాలయ శాఖలో నోవా శాసన్ బృందము 2017లో వెలువరించిన ఫలితము నన్ను దీర్ఘముగా ఆలోచింపజేసినది. ఆటిజము గలవారు మాటలాడిన కొలది సెకనుల దృశ్యములను చూచినవారు, వారిపట్ల అననుకూలమైన అభిప్రాయము క్షణములోనే ఏర్పఱచుకొనిరి; వారితో మాటలాడుటకు అంతగా ఇష్టపడలేదు. అవే మాటలను ముఖము కనబడక, కంఠము వినబడక, అచ్చులో మాత్రమే చదివినవారికి ఆ భేదము కనబడలేదు. లోపము మాటలలో లేదు. స్వరపు హెచ్చుతగ్గులలో, చేతుల కదలికలో, చూపులో అలవాటులేని తీరు కనబడినంతనే, విషయము చెవికెక్కకముందే తీర్పు వెలువడుచున్నదన్నమాట.

తానును ఆటిజము గలవాడైన ఆంగ్ల సామాజికశాస్త్రజ్ఞుడు డేమియన్ మిల్టన్ 2012లోనే ఈ చిక్కు ఉభయులదని వాదించెను. ఆటిజము గలవాడు ఇతరుల మనస్సు నెఱుగలేడని చెప్పువారు, ఇతరులును అతని మనస్సు నెఱుగలేకున్నారను సంగతిని లెక్కలోనికి తీసికొనలేదని అతని యాక్షేపణ. ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందము 2020లో ఒక కథను ఒకరినుండి యొకరికి వరుసగా చెప్పించి చూడగా, ఆటిజము గలవారి వరుసయు లేనివారి వరుసయు సమానముగా రాణించి, ఇరు తెగలవారును కలసిన వరుసలోనే కథ ఎక్కువగా చెదరిపోయెను. అయితే అదే శాస్త్రజ్ఞురాలు మూడువందలమందికి పైగా పాల్గొనగా జరిపి 2025లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో ఆ భేదము కనబడలేదు. మిశ్రమమైన వరుసయు మిగిలినవానితో సమానముగనే కథను చేరవేసెను. మిల్టన్ వాదమునకు దీనివలన పూర్తిగా హాని కలిగినదని నేననుకొనను. సమాచారము చేరుట వేఱు, మనసు కుదురుట వేఱు గదా.

నాకన్నిటికంటె ఆశ కలిగించినది కొలోన్ నగరమునుండి 2023లో వచ్చిన చిన్న పరిశోధన. సైమన్ వేర్లె బృందము ఆటిజము గల పెద్దలను ఇద్దఱేసి చొప్పున కూర్చుండబెట్టి, పటము చూచి దారి చెప్పుకొనుపని యొప్పగించెను. సంభాషణారంభమున వారి మాటల నడుమ మౌనములు దీర్ఘముగా నుండెను. కొంతసేపటికి అవి కుదించుకొని ఆటిజము లేనివారి మౌనములతో సమానమాయెను. ఆ జంటలలో ఇరువురును ఆటిజము గలవారే యగుటచే, మన యువతీయువకులకు దీనిని యథాతథముగా అన్వయింపరాదు. అయినను, తొలి నిమిషముల తడబాటు తొలి నిమిషములదే కావచ్చునను సంగతి, కప్పు కడిగి వెడలిపోవువారికి తెలియవలసినదే.

శాసన్ బృందమే 2019లో మఱొక సంగతి చూపినది: ఆటిజమున్నదని ముందుగా తెలిసినపుడు చూచువారి అభిప్రాయము మెఱుగుపడును, ఆటిజమునుగూర్చి బాగుగా తెలిసినవారిలో మఱింత మెఱుగుపడును. ఆ మాట ఎప్పుడు చెప్పవలెనో, అసలు చెప్పవలెనో లేదో నిర్ణయించుకొను అధికారము అతనిది. ఆమెకును తన యధికారము కలదు. అతడు, "ఆదివారం సాయంత్రం మీతో కలిసి టీ తాగాలని ఉందండీ. మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి, నేనేమీ అనుకోను," అని అడిగినచో, ఆమె "చూద్దాంలెండి" అనుట మన మర్యాద. ఆ మర్యాదమాటను అతడు నిజముగా చూతమనియే అర్థము చేసికొని ఆదివారమువఱకు ఎదురుచూచును, మఱల అడుగును, ఆమె విసుగుకొనును, ఒక్కొక్కప్పుడు భయపడును. "లేదండీ, నాకు ఆ ఉద్దేశం లేదు" అను మాట వినుటకు కఠినమైనను అతనికి స్పష్టముగా అందును. అందిన పిమ్మట దానిని అక్షరాలా పాటించుట అతని బాధ్యత, మఱల అడుగరాదు. ఇష్టమే యున్నచో, ఎన్ని గంటలకు, ఎచట అని ఆమె చెప్పవలెను.