కూలీలకు సర్కారు బాకీ

ప్రభుత్వం ఒక పథకానికి డబ్బు తగ్గిస్తే ఊళ్లో ఎవరూ దండోరా వేయరు. ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చి ‘ఈ వారం మస్టర్లు రాలేదమ్మా, పై వారం చూద్దాం’ అంటాడు. చేసిన పనికి డబ్బులెప్పుడు పడతాయని అడిగితే ‘పైనుంచి రావాలి’ అంటాడు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. ఫిబ్రవరి ఒకటో తేదీన ఢిల్లీలో బడ్జెట్ ప్రసంగంలో చదివిన అంకె పంచాయతీ దాకా వచ్చేసరికి ఈ రెండు మాటలుగా మిగులుతుంది.

కొన్నిచోట్ల కరువు పని అనీ, కొన్నిచోట్ల ఉపాధి పని అనీ జనం పిలుచుకునే ఉపాధి హామీకి మన నేలతో దగ్గరి బంధం ఉంది. పార్లమెంటు 2005లో చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో దాన్ని మొదలుపెట్టారు. తొలుత 200 జిల్లాలు, 2008కల్లా దేశమంతా. కూలి డబ్బు నడుమ ఎవరి చేతిలోనూ పడకుండా పోస్టాఫీసు ఖాతాల్లో వేయడం, ఖర్చుల లెక్కను సామాజిక తనిఖీలో ఊరందరి ముందు చదివి వినిపించడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గట్టిగా చేసి చూపించింది.

ఆ చట్టం బలమంతా ఒక్కచోటే ఉండేది. అడిగినవాళ్లకు పని ఇచ్చి తీరాలి. కుటుంబానికి ఏడాదికి వంద రోజులు. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మస్టర్ (హాజరు పట్టీ) ముగిసిన 15 రోజుల్లో కూలి పడకపోతే పరిహారం ఇవ్వాలి. జనం ముందు అడుగుతారు, ప్రభుత్వం ఆ తర్వాత డబ్బు సర్దుతుంది. బడ్జెట్ కోత సరిగ్గా ఈ వరసనే తలకిందులు చేసింది.

2020-21 బడ్జెట్‌లో ఈ పథకానికి 61,500 కోట్లు పెట్టారు. లాక్‌డౌన్‌లో పట్నాలు తరిమేసిన జనం ఊళ్లకు చేరి గడ్డపారలు పట్టారు. ఏడాది తిరిగేసరికి ఖర్చు 1.11 లక్షల కోట్లు దాటింది. పల్లెలో పని అవసరం ఎంత ఉందో ఆ సంవత్సరం కళ్లకు కట్టింది. అయినా మరుసటి ఏడు 73,000 కోట్లే. 2022-23లో సవరించిన అంచనా 89,400 కోట్లకు చేరిందని తెలిసీ 2023-24కు 60,000 కోట్లు రాశారు. ఏడాది చివర్లో దాన్ని 86,000 కోట్లకు పెంచక తప్పలేదు. తర్వాత రెండేళ్లూ అదే 86,000 కోట్లు. కూలి రేటు పెరుగుతుంటే కేటాయింపు అక్కడే ఆగిపోవడం కూడా కోతే. దానికి తోడు కొత్త ఏడాది డబ్బులో కొంత పాత బకాయిలకే పోతుంది.

అవసరమైతే మరింత ఇస్తామని కేంద్రం చెబుతూ వచ్చింది, కొన్నిసార్లు చివర్లో ఇచ్చింది కూడా. కానీ ఆ చివర దాకా ఆగలేని వాళ్ల కోసమే కదా ఈ పథకం పెట్టింది. 2025-26లో మొదటి ఆరు నెలల్లో ఏడాది కేటాయింపులో 60 శాతానికి మించి ఖర్చు చేయవద్దని ఆర్థిక శాఖ పరిమితి పెట్టింది. ఏప్రిల్, మే, జూన్ ఆ ఆరు నెలల్లోనే ఉన్నాయి. పంటలు ఇంటికొచ్చి పొలాలు ఖాళీగా ఉండే కాలం అది. ఏడాది మొత్తంలో ఎక్కువమంది పని అడిగేది అప్పుడే.

ఒక ఇంటి లెక్క చూద్దాం. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలు. మొగుడూ పెళ్లాం ఆరు రోజులు వెళ్తే 3,684 రూపాయలు. అదీ కొలత నిండితేనే. ఎండకు రాయిలా బిగిసిన నేలలో గుంత కొలత నిండక, చేతికొచ్చేది 307 కంటే తగ్గుతూ ఉంటుంది. ఇదివరకు మన దగ్గర వేసవి భత్యం ఉండేది, కేంద్రం సాఫ్ట్‌వేర్‌లోకి మారాక అదీ పోయింది. ఆ డబ్బు పదిహేను రోజులకు కాకుండా రెండు నెలలకు పడిందనుకోండి. కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. జూన్‌లో బడులు తెరుస్తారు, విత్తనాలు కొనాలి. చెవి కమ్మలు తాకట్టుకు వెళ్తాయి, లేదంటే నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. చట్టం ఆలస్యానికి లెక్కగట్టిన పరిహారం రోజుకు 0.05 శాతం. మన వడ్డీ లెక్కలో నెలకు నూటికి రూపాయిన్నర. ఊళ్లో వడ్డీ వ్యాపారి పేదవాడి దగ్గర వసూలు చేసేదానికంటే తక్కువ రేటుకు, ప్రభుత్వం పేదవాడి కూలి డబ్బును తన దగ్గర అట్టిపెట్టుకుంటోందన్నమాట. ఆ రూపాయిన్నర కూడా కూలీకి అందడం అరుదు. కేంద్రం వైపు జరిగిన ఆలస్యానికీ పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2018 మేలో తేల్చి చెప్పాల్సి వచ్చింది.

కోతకు ఇంకో దారి ఉంది. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫొటో దిగి యాప్‌లో ఎక్కించాలి. చెరువు లోతట్టులో సిగ్నల్ ఉండదు. పొద్దున్నే కొలత పూర్తిచేసి ఎండ ముదరక ముందే ఇంటికి పోవలసిన ఆడవాళ్లు రెండో ఫొటో కోసం తుమ్మచెట్టు నీడన కాచుకోవాలి. ఫొటో ఎక్కకపోతే చేసిన పని లెక్కలోకి రాదు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపు తప్పనిసరి అయింది. ఒక్క 2022-23లోనే దేశవ్యాప్తంగా 5 కోట్ల మందికి పైగా కూలీల పేర్లు జాబ్ కార్డుల నుంచి తొలగించారు. వాళ్లలో చనిపోయినవాళ్లు, ఊరు విడిచినవాళ్లు ఉన్నారు. ఆధార్‌లో ఒక అక్షరం, కార్డులో ఒక అక్షరం ఉన్న పాపానికి పోయినవాళ్లూ ఉన్నారు.

అక్రమాలు లేవని నేను అనను. దొంగ మస్టర్లు, రాత్రిపూట జేసీబీతో తవ్వించి కూలీల పేర్లు రాయడం మన ఊళ్లకు తెలియనివి కావు. వాటిని పట్టుకున్నది సామాజిక తనిఖీ. దొంగను పట్టుకోవాలి, సొమ్ము కక్కించాలి. పశ్చిమ బెంగాల్‌లో 2022 మార్చిలో అక్రమాల పేరుతో రాష్ట్రం మొత్తానికీ నిధులు ఆపేశారు. చెమటోడ్చి పనిచేసినవాళ్ల కూలి కూడా అందులో చిక్కుకుపోయింది. మూడేళ్లు గడిచాక 2025లో కలకత్తా హైకోర్టు పథకాన్ని మళ్లీ మొదలుపెట్టమంది, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్తదాన్ని ఆమోదించింది. అందులో వంద రోజులు 125 అయ్యాయి. వినడానికి బాగుంది. పాత చట్టంలో కూలి మొత్తం కేంద్రానిదే. కొత్త చట్టంలో మన రాష్ట్రాల్లాంటి చోట్ల కేంద్రానికి 60, రాష్ట్రానికి 40 శాతం. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రమే ముందుగా నిర్ణయిస్తుంది, దాటిన ఖర్చు రాష్ట్రం నెత్తినే. వ్యవసాయ పనుల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపేయవచ్చు. వంద రోజుల హామీ ఉన్నప్పుడే దేశంలో సగటున ఒక్కో కుటుంబానికి దక్కింది 50 రోజుల చుట్టుపక్కల. డబ్బుకు హద్దు గీసి రోజులు పెంచితే ఆ సగటు ఎలా పెరుగుతుందో చెప్పవలసింది చట్టం చేసినవాళ్లే.

ఇక కళ్లు పెట్టవలసింది హైదరాబాద్, అమరావతి బడ్జెట్ పుస్తకాల మీద. 40 శాతం వాటా పూర్తిగా చూపించారా, వేసవికి ముందే విడుదల చేశారా అని రెండు శాసనసభల్లోనూ అడగాలి. ఊళ్లో అయితే పని కావాలని వచ్చిన ప్రతి కుటుంబానికీ తేదీ వేసిన రసీదు ఇప్పించాలి. చాలాచోట్ల దరఖాస్తును నోటిమాటగా తీసుకుంటున్నారు. రసీదు చేతిలో లేకపోతే పని అడిగినట్టు ఆధారం ఉండదు, భృతి కోసం మండల ఆఫీసుకు వెళ్లినా చూపించడానికి కాగితం ఉండదు.