గొంగడి త్రిష

గొంగడి త్రిష తెలంగాణ రాష్ట్రానికి చెందిన భారతీయ మహిళా క్రికెట్ క్రీడాకారిణి. ఈమె కుడిచేతి వాటం బ్యాటరు, లెగ్‌స్పిన్ బౌలరు. 2023, 2025 సంవత్సరాలలో అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ గెలుచుకున్న భారత జట్లు రెండింటిలోనూ ఈమె సభ్యురాలు.

బాల్యము, శిక్షణ

త్రిష 2005 డిసెంబరు 15న భద్రాచలంలో జన్మించింది. అప్పట్లో ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ పట్టణం ప్రస్తుతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. వ్యాయామ శిక్షకుడైన తండ్రి ఈమెకు చిన్ననాడే ఆట నేర్పాడు. ఉన్నతస్థాయి శిక్షణ కొరకు ఆయన తన వ్యాయామశాలను విక్రయించి, కుటుంబంతో సికింద్రాబాదుకు తరలివచ్చాడు. అక్కడ త్రిష సెయింట్ జాన్స్ క్రికెట్ అకాడమీలో శిక్షణ పొందింది. దేశీయ పోటీలలో హైదరాబాదు జట్టు తరఫున ఆడుతున్నది.

2023 ప్రపంచ కప్

ఈ వయోవిభాగంలో మహిళలకు మొదటి ప్రపంచ కప్ పోటీలు 2023లో దక్షిణాఫ్రికాలో జరిగాయి. స్కాట్లాండ్‌పై త్రిష 57 పరుగులు చేసింది. జనవరి 29న పోచెఫ్‌స్ట్రూమ్‌లో జరిగిన ఫైనల్లో ఇంగ్లండ్ 68 పరుగులకే ఆలౌట్ అయినది. లక్ష్యం చిన్నదైనా భారత్ 20 పరుగులకు రెండు వికెట్లు కోల్పోయింది. ఆ దశలో త్రిష, సౌమ్య తివారీతో కలిసి మూడవ వికెట్టుకు 46 పరుగులు జోడించింది. 24 పరుగులు చేసి త్రిష వెనుదిరిగేసరికి విజయానికి మూడు పరుగులే మిగిలాయి. భారత్ 7 వికెట్ల తేడాతో గెలిచింది.

2025 ప్రపంచ కప్

2024 డిసెంబరులో అండర్-19 ఆసియా కప్ ఫైనల్లో బంగ్లాదేశ్‌పై 52 పరుగులు చేసిన త్రిష, మరుసటి నెలలో మలేషియాలో జరిగిన ప్రపంచ కప్‌లో ప్రారంభ బ్యాటరుగా ఆడింది. జనవరి 28న స్కాట్లాండ్‌పై 59 బంతులలో 110 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఈ పోటీల చరిత్రలో ఇదే మొదటి శతకం. అదే ఆటలో 6 పరుగులకే 3 వికెట్లు కూడా తీసింది.

ఫిబ్రవరి 2న ఫైనల్లో దక్షిణాఫ్రికా 82 పరుగులకు ఆలౌట్ అయినది. త్రిష 15 పరుగులిచ్చి 3 వికెట్లు పడగొట్టి, పిదప 33 బంతులలో 44 పరుగులతో అజేయంగా నిలిచి జట్టును గెలిపించింది. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లతో ఈమె ఫైనల్లోనూ, టోర్నమెంటులోనూ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనది. ఒక అండర్-19 ప్రపంచ కప్‌లో అత్యధిక పరుగులుగా అప్పటివరకు ఉన్న శ్వేతా సెహ్రావత్ రికార్డును (297) అధిగమించింది. తెలంగాణ ప్రభుత్వం ఈమెకు కోటి రూపాయల బహుమతి ప్రకటించింది.

తదనంతరము

అండర్-19 స్థాయిలో రాణించిన వారందరికీ పెద్దల క్రికెట్లో వెంటనే అవకాశాలు లభించవు. 2025 మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఏ జట్టులోనూ త్రిషకు చోటు దక్కలేదు. వయోపరిమితి దాటడంతో అండర్-19 పోటీలకు కూడా అవకాశం ముగిసింది. 2025 నవంబరులో జరిగిన వేలంలో యూపీ వారియర్జ్ జట్టు ఈమెను తీసుకున్నది.